రెండు బ్యాటరీల లెక్క

మదనపల్లె, పుంగనూరు ప్రాంతపు రైతు చెరువు నీటిని శాతములలో లెక్కింపడు. నిండిన చిన్న కుంటకంటె పాతికపాళ్లు నిండిన పెద్ద చెరువే ఎక్కువ మళ్లను తడుపవచ్చునని అతనికి తెలియును. బ్యాటరీల మట్టము చూపు ప్రోగ్రాములు వ్రాయువారు ఈ సంగతిని తరచు మరచుచుందురు.

కొన్ని థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాపులకు లోపల ఒక బ్యాటరీ, వెనుక ఊడదీయదగినది మరియొకటి ఉండెడివి. లోపలిది 24 వాట్‌గంటలది, వెలుపలిది 72 వాట్‌గంటలది అనుకొందము. లోపలిది నిండుగా నున్నది. వెలుపలిది 20 శాతమే యున్నది. రెండు శాతములను కూడి సగము చేసిన 60 వచ్చును. అది తప్పు. ఉన్న శక్తి 24, 14.4 కలిసి 38.4 వాట్‌గంటలు; మొత్తము 96లో ఇది 40 శాతము మాత్రమే. అరవై యున్నదని నమ్మి కరెంటు లేని ఊరికి బయలుదేరినవాని పని నడుమనే ఆగిపోవును.

కావున ప్రోగ్రాము శాతమును గాక శక్తిని అడుగవలెను. లినక్సులో ‘పవర్ సప్లై’ అను డైరెక్టరీయందు ఒక్కొక్క బ్యాటరీకి ఒక్కొక్క విభాగము కలదు. అందులో ‘ఎనర్జీ నౌ’ అను ఫైలు ఇప్పుడున్న శక్తిని, ‘ఎనర్జీ ఫుల్’ అనునది నిండినప్పటి శక్తిని మైక్రో వాట్‌గంటలలో తెలుపును. మొదటి అంకెలన్నిటిని కూడి, రెండవ అంకెల మొత్తముచే భాగించిన సరి. ‘ఎనర్జీ ఫుల్ డిజైన్’ అను మూడవ ఫైలు కూడ ఉండును. అది బ్యాటరీ కొత్తదిగా నున్నప్పటి లెక్క. పాత బ్యాటరీ పూడిక పడిన చెరువు వంటిది. తవ్విననాటి లోతుతో నేటి నీటిని కొలువరాదు. కొన్ని యంత్రములు శక్తికి బదులు విద్యుదావేశమును ఆంపియర్‌గంటల లెక్కన చెప్పును. దానిని వోల్టేజితో హెచ్చవేసిన పిదపనే కూడవలెను.

ఇంకొక చిక్కు కలదు. తీగలేని మౌసు బ్యాటరీ కూడ ఆ జాబితాలోనే కనబడవచ్చును. ‘స్కోప్’ అను ఫైలులో ‘డివైస్’ అని యున్నదానిని విడిచిపెట్టవలెను. మౌసులోని శక్తితో ల్యాప్‌టాపు నడువదు గదా! విండోసులో ‘గెట్ సిస్టమ్ పవర్ స్టేటస్’ అను పిలుపు అన్నిటిని కలిపి ఒకే శాతము నిచ్చును. విడివిడిగా తెలియవలెనన్న ఒక్కొక్క బ్యాటరీని వేరుగా ప్రశ్నింపవలెను.

కూడికయే పనికిరాని చోటులును కలవు. పుంగనూరునుండి పలమనేరు మీదుగా పోయిన కుప్పము వచ్చును. అచ్చట 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వముతో కలిసి ‘ఐ కమ్యూనిటీ’ అను పథకము నారంభించినది. అందులో భాగముగా స్వయంసహాయక సంఘముల స్త్రీలు కొందరు డిజిటల్ కెమేరా, చిన్న ప్రింటరు పట్టుకొని పల్లెలలో ఫోటోలు తీసి, అక్కడికక్కడే అచ్చువేసి యిచ్చి సంపాదించుకొనిరి. కరెంటుకు సూర్యరశ్మి ఆధారము. అట్టి పనిలో కెమేరా బ్యాటరీ నిండుగా నుండి, ప్రింటరుది అడుగంటిన ఏమగును? ఒకదాని శక్తి రెండవదానికి పారదు. ఫోటో తీయవచ్చునుగాని చేతికి ఈయలేరు, డబ్బు రాదు. ఇచ్చట ‘సగము మిగిలినది’ అని చెప్పు ప్రోగ్రాము మోసపుచ్చినట్లే. కెమేరాతో ఇంక ఎన్ని తీయవచ్చును, ప్రింటరుతో ఇంక ఎన్ని అచ్చువేయవచ్చును అని వేరువేరుగా లెక్కించి, రెంటిలో చిన్న అంకెను చూపవలెను.