నూనెలో నానే కాగితం

"దేశంలో అందరూ కరెంటు కార్లే కొంటే కరెంటు సరిపోతుందా?" అని ఒక పాఠకుడు అడిగారు. సరిపోతుంది. రోజుకు 30 కిలోమీటర్లు తిరిగే కారుకు నాలుగున్నర యూనిట్లు చాలు. ఐదు కోట్ల కార్లనుకున్నా 22.5 కోట్ల యూనిట్లు. దేశం రోజూ ఉత్పత్తి చేసేది దాదాపు 500 కోట్లు. ఐదు శాతం కూడా కాదు.

మరి గ్రిడ్ కుప్పకూలుతుందని భయపెట్టేవారి లెక్కేమిటి? ఇంటి చార్జరు 7.2 కిలోవాట్లు, ఐదు కోట్లతో గుణిస్తే 3.6 లక్షల మెగావాట్లు. 2024 మే 30న నమోదైన గరిష్ఠ డిమాండే 2.5 లక్షలు! గుణకారం సరిగ్గానే ఉంది. అందరూ ఒకే క్షణంలో ప్లగ్గు పెడతారనుకోవడమే తప్పు. అలాగని 'ఐదు శాతమేగా' అంటూ కాలు మీద కాలేసుకుని కూర్చునేవారూ పొరబడుతున్నారు. చిక్కంతా మీ వీధి చివరి ట్రాన్స్‌ఫార్మరుతో, అందులోనూ దాని లోపలి కాగితంతో.

అవును, కాగితమే! తీగ చుట్లకు కాగితం చుట్టి నూనెలో ముంచుతారు. కాగితమంటే సెల్యులోజ్. కొత్తదానిలో ఒక్కో గొలుసుకు సుమారు వెయ్యి గ్లూకోజ్ కణికలుంటాయి. వేడికి, తేమకు గొలుసులు తెగుతాయి. సగటున 200 కణికలకు దిగాయంటే కాగితం పెళుసెక్కి, కుదుపు వస్తే చిట్లిపోతుంది. పైగా కాగితం చివికేకొద్దీ నీరు పుడుతుంది, ఆ నీరు మరిన్ని గొలుసులను తెంపుతుంది.

ఎంత వేడికి ఎంత ఆయుష్షు? ఎనిమిది డిగ్రీలు పెరిగితే సగమని 1930లో అమెరికన్ ఇంజనీరు మాంట్‌సింగర్ తేల్చాడు. నేటి అంతర్జాతీయ ప్రమాణం ఆరు డిగ్రీలకే సగం అంటుంది. మామూలు కాగితం అత్యంత వేడిగా ఉండే చోట 98 డిగ్రీలుంటే, గంటకు గంట ఆయుష్షు ఖర్చు. 104 దగ్గర రెండు గంటలు, 110 దగ్గర నాలుగు, 116 దగ్గర ఎనిమిది. అదే 80 దగ్గరైతే ఏడున్నర నిమిషాలే! ఏసీల ధాటికి సాయంత్రం రెండు గంటలు 110లో ఉడికితే ఎనిమిది గంటలు హరీ. రాత్రి ఎనిమిది గంటలు 80లో సేదతీరితే పోయేది ఒక్క గంట. ట్రాన్స్‌ఫార్మరు ఇన్నేళ్లు బతికేది ఈ రాత్రి పొదుపు మీదే. పైగా తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది: కరెంటు 20 శాతం పెరిగితే వేడి 44 శాతం.

రాత్రి రేటు తగ్గిస్తే చాలనేవారు ఇక్కడే దెబ్బతింటారు. పదింటికి రేటు తగ్గితే, టైమరు పెట్టిన కార్లన్నీ పదింటికే మొదలుపెడతాయి. కరెంటు రాగానే ఆటో స్టార్టర్లున్న మోటార్లన్నీ ఒక్కసారే లేవడం చూసిన తెలంగాణ రైతుకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. బ్రిటన్‌లో 2022 జూన్ 30 నుంచి అమ్మే ఇంటి చార్జర్లు పది నిమిషాల దాకా ఏదో ఒక ఆలస్యం చేసి మొదలవ్వాలి. ముచ్చటైన ఉపాయమే, కుదుపు తప్పుతుంది. నూనె వేడెక్కేది మాత్రం గంటల లెక్కన. దానికి పది నిమిషాలు ఏ మూలకు? కావలసింది వంతులు. నాలుగున్నర యూనిట్లకు 40 నిమిషాలు చాలు కాబట్టి, ఒక్క చార్జరు లోడుతోనే రాత్రి పది కార్లు ఒకదాని తర్వాత ఒకటి నిండగలవు.

ఇక ఎండవేళ రేటు తగ్గించమని 2023లో కేంద్రం నిబంధనలు సవరించింది. సోలార్ కరెంటు మిగిలే వేళ కదా, సబబే. కాకపోతే ఆ వేళకు కారు ఆఫీసు సెల్లార్లో ఉంటుంది, చాలాచోట్ల అక్కడ ప్లగ్గే ఉండదు.