తాళము పడిన తల్లిగారిల్లు

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతపు పల్లెలలో సద్దుల బతుకమ్మనాటికి ఆడబిడ్డ తల్లిగారింటికి వచ్చుట తరతరముల ఆచారము. తల్లిదండ్రులు గతించిన పిమ్మట ఒక కుమారుడు ఆ యింటికి తాళము వేసికొని, "కట్నమిచ్చి పంపినాము, ఇంక నీకిక్కడ నేమున్నది?" అని యడుగుటతో తగవు మొదలగుచున్నది. పాలమూరునుండి కూలిపనులకై వలసపోయిన తమ్మునికి సైతము తిరిగివచ్చినప్పుడు ఇదే అనుభవము కలుగుట కద్దు. ఇట్టి తగవు తొలుత చేరునది న్యాయస్థానమునకు గాదు, పంచాయతీ సభ్యుని వాకిటికి. కావున చట్టము చెప్పునదేమో సభ్యులెరుగుట అవసరమని మేము తలంచుచున్నాము.

హిందూ వారసత్వ చట్టము 1956 జూన్ 17వ తేదీన అమలులోనికి వచ్చినది. తండ్రి తన స్వార్జితమైన యింటికి వీలునామా వ్రాయక మరణించినచో భార్య, కుమారులు, కుమార్తెలు, జీవించియున్నయెడల అతని తల్లి, అందరును సమభాగస్వాములు. భార్య, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె మిగిలినచో ఒక్కొక్కరికి నాలుగవ వంతు వచ్చును. పెండ్లినాడిచ్చిన కట్నము ఈ భాగమును చెరిపివేయదు.

అయితే ఆ చట్టమందే 23వ సెక్షను ఆడబిడ్డ చేతులు కట్టివేసినది. కుటుంబము నివసించు ఇంటిని మగవారు తామై పంచుకొనునంతవరకు ఆమె పంపకము కోరరాదు. పెండ్లి కానిది, భర్త విడిచినది, భర్తనుండి వేరుపడినది, వితంతువు అయిననే అందు నివసింపవచ్చును. అనగా కాపురము చేసికొనుచున్న కుమార్తెకు భాగము కలదు గాని గడపలోపల చోటు లేదు! ఈ వింత 49 సంవత్సరములు సాగి, 2005 సెప్టెంబరు 9వ తేదీనుండి తొలగిపోయినది. పెద్దమనుషులు కొందరు నేటికిని వల్లించుచున్నది రద్దయిన యీ మాటనే.

పిత్రార్జితమైన యింటి విషయమున మన ప్రాంతము ముందుగనే మేల్కొన్నది. నందమూరి తారక రామారావు ముఖ్యమంత్రిగా నున్న కాలమున ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన సవరణ, 1985 సెప్టెంబరు 5నుండి కుమార్తెను పుట్టుకతోనే భాగస్వామినిగా జేసినది. కాని అంతకుముందే పెండ్లియైనవారికి అది వర్తింపలేదు. 2005 సవరణ ఆ భేదమును తీసివేసినది. తండ్రి ఆనాటికి జీవించియుండవలెనా యను సందేహమును సుప్రీంకోర్టు వినీతాశర్మ కేసులో 2020 ఆగస్టు 11న తీర్చినది: అక్కరలేదు. 2004 డిసెంబరు 20కి ముందు సక్రమముగా ముగిసిన పంపకములు మాత్రము చెదరవు. "ఎప్పుడో నోటిమాటగా పంచుకొన్నాము" అన్నంతనే కోర్టు నమ్మదు.

ముస్లిము కుటుంబములలో కుమార్తెకు కుమారుని భాగములో సగము వచ్చును. క్రైస్తవులకు 1925 నాటి చట్టము ప్రకారము బిడ్డలందరును సమానులు. దేవరకొండ వైపు తండాలలోని లంబాడీలు షెడ్యూల్డు తెగలవారగుటచే హిందూ చట్టము వారికి నేరుగా వర్తింపదు. అట్టిచోట వారి ఆచారమును విచారింపవలసియుండును.

ఇంక పంచాయతీ చేతిలోని పని. తండ్రి పోయిన నెలలోనే ఒక కుమారుడు వచ్చి ఇంటిపన్ను రిజిస్టరులో తన పేరు మాత్రమే యెక్కింపుమనును. తొందరపడరాదు. తహసీలుదారు ఇచ్చు కుటుంబ సభ్యుల ధ్రువపత్రము చూచి, వారసులందరి పేర్లును విచారింపవలెను. రిజిస్టరులో పేరుండుటచే యాజమాన్యము రాదు. పన్ను రసీదు పన్ను కట్టినందుకు సాక్ష్యము, అంతే. అయినను గ్రామకంఠములోని యిండ్లకు వేరు కాగితము లేనిచోట ఆ రసీదునే పట్టాగా చూపి తోడబుట్టినవారిని బెదరించుట జరుగును. అట్లే తెల్లకాగితముపై అక్కచెల్లెండ్ర వ్రేలిముద్రలు తీసికొనుట: స్థిరాస్తిలో హక్కు వదులుకొనుటకు రిజిస్టరైన దస్తావేజు కావలెను.

మా అభిప్రాయమున మొదట మాట్లాడవలసినది పంపకముగూర్చి కాదు, తాళపుచెవిగూర్చి. ఉమ్మడి సొత్తులో ఒక భాగస్వామి మరియొకనిని వెలివేయరాదు. సందుగ, ఇత్తడి బిందెలు, తండ్రి పటము, దస్తావేజులు ఇవన్నియు ఇరుపక్షముల యెదుట జాబితా వ్రాసికొని, తద్దినమునకును పండుగకును తలుపు తెరచునట్లు ఒడంబడిక చేసినచో సగము కోపము చల్లారును. తల్లి బ్రతికియున్నచో ఆమె యుండు అర్ర ముందుగా నిర్ణయింపవలెను. తాళము పగులగొట్టు సలహా ఎవ్వరికిని ఈయరాదు. నివసించుచున్నవానిని బలవంతముగా వెళ్లగొట్టినచో, ఆరు నెలలలోపల సివిలు కోర్టులో దావా వేసి తిరిగి స్వాధీనము పొందవచ్చును.

ఒక వారసుడు తన భాగమును అమ్మదలచినచో, మొదటి తరగతి వారసులగు తోడబుట్టినవారికి దానిని కొనుటకు ముందు హక్కు కలదు. బయటివాడు కొన్నను, కుటుంబము నివసించు ఉమ్మడి యింటిలో వారితో కలిసియుండుటకు అతనికి హక్కు రాదు.

రాజీ కుదరనిచో జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పంపవలెను. ఆదాయముతో నిమిత్తము లేకుండ స్త్రీలకు అచ్చట ఉచితముగా వకీలు దొరకును. ఫోను సంఖ్య 15100. లోక్ అదాలతులో కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానము, దానిపై అప్పీలు లేదు. కావున సంతకములకు ముందు వారసులందరును హాజరైనారా యని చూచి, పుణెలోనో ముంబయిలోనో కూలిలో నున్నవానికి కబురంపి, అతడు వచ్చువరకు ఆగవలెను.