ఓటు లేనిచోట స్త్రీల చట్టం

అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో 2022 ఆగస్టు 2న గర్భస్రావ హక్కును తీసివేయాలా అని ప్రజలనే అడిగారు. నూటికి 59 మంది వద్దన్నారు. కొందరు హర్షించారు, కొందరు బాధపడ్డారు. ఎవరి మాట ఎంతో అందరికీ తెలిసింది.

కడప, గోదావరి జిల్లాల స్త్రీలు ఇంటిపనికి వెళ్లే ఎమిరేట్సులో అట్టి ఓటు లేదు. మంత్రివర్గమే నిర్ణయిస్తుంది. బలాత్కారం వలన, వావి తప్పిన సంబంధం వలన కలిగిన గర్భాన్ని 120 రోజులలోపు తీయించుకోవచ్చునని 2024లో తీర్మానించింది. అయితే వెంటనే ఫిర్యాదు చేయాలి, ప్రాసిక్యూషన్ ధ్రువపరచాలి, ఆమె అక్కడ సంవత్సరమైనా నివసించి ఉండాలి. వెళ్లి ఆరు నెలలే అయిన ఆడపడుచుకు ఈ వెసులుబాటు దక్కదు.

మన ముత్తవ్వలు చదవలేని కాగితంమీద వేలిముద్ర వేసి ఓడ ఎక్కారు. అందుచేత ఈ నియమాలను ప్రయాణానికి ముందే ఆమెకు తెలుగులో చెప్పడం మన విధి.