పేరు చెప్పుటయే పరిశోధన మర్యాద

పొరుగింటివారు నూఱి పంపిన పచ్చడిని వడ్డించుచు ‘మేమే నూఱితిమి’ అన్నచో వినువారు నవ్వి యూరకుందురు. గ్రంథములయం దట్లు చేసిన నది నవ్వి విడువదగిన తప్పు గాదు.

కొన్నియేండ్ల క్రిందట, కఱవు వేసవిలో, పరిశోధక విద్యార్థి యొకరు మా యింటికి వచ్చిరి. మా యత్తగారు కొఱ్ఱసంకటి పెట్టి, మూడుదినములు విసుర్రాతి పాటలు పాడి వినిపించిరి. పుస్తకము వెలువడినది. అందు మా యూరిపేరు లేదు; ఆ పాటలు వేఱు గ్రామములలో దొరకినట్లు వ్రాయబడినవి. మేము చదివి వినిపింపగా, అక్షరము లెఱుగని యామె పుటలను తడిమి, “నా పేరు యాడుందమ్మీ?” యని యడిగిరి. మాకు బదులు తోచలేదు.

పెద్దల విషయమునను పేరు తాఱుమాఱగుట గలదు. 1800లో నిజాము కంపెనీవారికి విడిచిన మా ప్రాంతమును దత్తమండలమనుచుండిరి. 1928 నవంబరులో నంద్యాల సభయందు ‘రాయలసీమ’ యను పేరును ప్రతిపాదించినవారు అనంతపుర కళాశాలలో తెలుగు బోధించిన చిలుకూరి నారాయణరావుగారు. అయినను చాలకాలము పలువు రా నామకరణమును గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిదిగా చెప్పుచు వచ్చిరి. గాడిచర్లవారి కీర్తికి పరుల సొమ్ము అక్కఱలేదు.

నారాయణరావుగారి వలన నేర్వదగినది మఱియొకటి యున్నది. 1856లో కాల్డ్వెల్ తెలుగును ద్రావిడభాషలలో చేర్చెను. 1937లో వెలువడిన ‘ఆంధ్రభాషాచరిత్రము’న నారాయణరావుగారు దానిని కాదని, తెలుగు ప్రాకృతజన్యమని వాదించిరి. ఆ వాదము నిలువలేదు. తరువాతి పండితులు తెలుగు ద్రావిడమనియే స్థిరపఱచిరి. అయినను వారి శ్రమ వ్యర్థము గాలేదు. ఆధారములను ఎదుట పెట్టి వాదించిరి గనుక, రాబోవువారు వానిని పరీక్షింపగలిగిరి. పొరపడుట పాపముగాదు; ఆధారమును దాచుట, లేనిదానిని కల్పించుట, పరుల కృషిని తనదనుట పాపములు. పొరపాటును మఱియొకరు దిద్దగలరు. కల్పనను నమ్మినవారు త్రోవ తప్పుదురు.

2018లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము గ్రంథచౌర్యమునకు నియమములు చేసినది. సిద్ధాంతవ్యాసమున నూటికి 10 పాళ్లవఱకు పోలికకు శిక్షలేదు. 60 దాటినచో విద్యార్థి నమోదు రద్దగును. మంచిదే. కాని యంత్రము అచ్చైనదానితోనే పోల్చి చూడగలదు. ఎన్నడును అచ్చెక్కని మా యత్తగారి పాట నెవరు పోల్చగలరు? అచ్చట పరిశోధకుని మనస్సాక్షియే కావలి.

కావున మనము చేయదగినది కొంత గలదు. ఇంటి పెద్దల పాటలను, కథలను ఒక పుస్తకమున వ్రాసి, చెప్పినవారి పేరు, ఊరు, తేది చేర్పుడు. అడుగవచ్చినవారిని ఆదరింపుడు, అచ్చైన ప్రతి నొకటి పంపుమని, పేరు వేయుమని మొగమాటము లేక కోరుడు. బడికి వ్యాసము వ్రాయు బిడ్డను ‘ఇది యెచ్చట చదివితివి?’ అని యడుగుడు. ఆ ప్రశ్నకు జంకక బదులిచ్చు బిడ్డయే రేపు మంచి పరిశోధకుడగును.

మా యత్తగారి పాటలను మేమిపుడు వ్రాయుచున్నాము. మొదటిపుటలో ఆమె పేరే వ్రాసితిమి. మా సీమలో వానలు తప్పుట క్రొత్తగాదు. మాటయైన తప్పకుండవలయును గదా!