అడవికోడిలో జన్యు సంకరం

అడవికోడిలో జన్యు సంకరం అనగా మనుషులు పెంచిన కోళ్ళు, లేదా పెంపకంలో పుట్టి అడవిలో విడువబడిన పక్షులు, సహజమైన అడవికోళ్ళతో జతకట్టుట వలన అడవిజాతి జన్యువులు క్రమంగా మారిపోవుట. ఎర్ర అడవికోడి (శాస్త్రీయ నామం గాల్లస్ గాల్లస్) ఊరకోడికి ప్రధాన పూర్వజాతి. రెండూ ఒకే జాతికి చెందినవి కనుక వాటికి పుట్టిన పిల్లలు వంధ్యములు కావు, మరల అడవికోళ్ళతో జతకట్టగలవు. చిక్కు అంతా ఇక్కడే ఉన్నది.

వరంగల్ ప్రాంతం

స్థూలంగా గోదావరి నదిని రెండు అడవికోడి జాతులకు ఎల్లగా పక్షిశాస్త్రజ్ఞులు చెబుతారు. ఉత్తర, తూర్పు అడవులలో ఎర్ర అడవికోడి, నల్లమల మొదలైన దక్షిణపు అడవులలో బూడిదరంగు అడవికోడి (గాల్లస్ సొన్నెరాటి) నివసిస్తాయి. పూర్వపు వరంగల్ జిల్లాకు చెందిన ఏటూరునాగారం అభయారణ్యం (2019 నుండి ములుగు జిల్లా) ఈ ఎల్లకు ఆనుకొని ఉన్నది. ఈ అడవుల లోపల కోయ గూడేలు అనేకం ఉన్నవి. గూడెం కోళ్ళు గంప కింద రాత్రి మాత్రమే ఉంటాయి, పగలంతా అడవి అంచున మేస్తాయి. అడవి పుంజు ఊరపెట్టల వద్దకు వచ్చుట, ఊరపుంజు అడవిలోకి పోవుట రెండూ సాధ్యమే. అడవిలో దొరికిన గుడ్లను ఊరపెట్ట కింద పొదిగించే అలవాటు, పెంపుడు పుంజును దీమంగా కట్టి అడవి పుంజును పట్టే అలవాటు దేశంలోని అటవీ ప్రాంతాలలో ఉండేవి. వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) ప్రకారం అడవికోళ్ళను వేటాడుట నేరం.

జన్యువులలో జరిగే మార్పు

అడవిపెట్ట ఒక పర్యాయం 4 నుండి 7 గుడ్లు పెట్టి తానే పొదుగుతుంది. ఫారం కోడి ఏడాదికి 300 వరకు గుడ్లు పెడుతుంది గాని పొదుగుట దాదాపు మరచిపోయింది. మనిషిని చూసి బెదరకపోవుట కూడా పెంపకంలో ఎంపిక చేయబడిన గుణమే. ఇటువంటి గుణాలు అడవిలో ప్రాణాంతకం.

ఊరకోడికి, అడవికోడికి పుట్టిన పిల్లలో ఊరకోడి వంతు సగం. అది అడవికోడితో జతకడితే తరువాతి తరంలో పావు, ఆ తరువాత ఎనిమిదో వంతు, పదహారో వంతు అవుతుంది. ఈ లెక్క చూసి ఊరట పొందరాదు. ప్రతి ఏడూ కొత్త ఊరకోళ్ళు వచ్చి కలుస్తూ ఉంటే వంతు తగ్గదు, పెరుగుతుంది.

గుర్తుపట్టుట

శుద్ధమైన అడవి పుంజు వేసవి తరువాత మెడపై బంగారు ఈకలను రాల్చి, కొన్ని నెలల పాటు పొట్టి నల్లని ఈకలను ధరిస్తుంది. ఊరపుంజుకు ఈ మార్పు లేదు. అడవి పుంజు కూత చివర తెగినట్లు ముగుస్తుంది. కాళ్ళు పలకరంగులో ఉంటాయి. అయితే కొన్ని తరాల తరువాత సంకర పక్షి చూపుకు అచ్చం అడవికోడి వలెనే ఉండవచ్చును. అప్పుడు డి.ఎన్.ఎ. పరీక్ష ఒక్కటే మార్గం.

పరిశోధనలు

పీటర్సన్, బ్రిస్బిన్ అను శాస్త్రజ్ఞులు మ్యూజియంలలోని 745 నమూనాలను పరిశీలించి, ఆగ్నేయాసియాలో ఈ నల్ల ఈకల దశ కనుమరుగైనదని గమనించారు. హైదరాబాదులోని డి.ఎన్.ఎ. ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రంలో జె. నాగరాజు బృందం 2008లో భారత అడవికోళ్ళ డి.ఎన్.ఎ.ను ఊరకోళ్ళతో పోల్చింది. అదే సంవత్సరం స్వీడన్ శాస్త్రజ్ఞులు, ఊరకోడి కాళ్ళకు పసుపు రంగునిచ్చే జన్యువు బూడిదరంగు అడవికోడి నుండి వచ్చినదని తేల్చారు. అనగా జన్యువుల రాకపోకలు ఇరువైపులా జరిగినవి. 2023లో సింగపూర్ శాస్త్రజ్ఞులు శతాబ్దం నాటి నమూనాలతో పోల్చి, నేటి ఎర్ర అడవికోళ్ళ జన్యువులలో 20 నుండి 50 శాతం వరకు పెంపుడు కోళ్ళవేనని ప్రకటించారు.

ఇతర వేటపక్షులు

స్పెయిన్‌లో వేట కోసం విడిచిన ఎర్రకాళ్ళ కౌజులలో చుకార్ కౌజు సంకరం బయటపడినది, ఆ సంకర పక్షుల మనుగడ తక్కువ. ఐరోపాలోనే విడిచిన జపాన్ పూరేడు సంకరాలలో వలసపోయే గుణం తగ్గినది. జపాన్ పూరేడు 1974లో బరేలీ సమీపంలోని ఇజ్జత్‌నగర్ ద్వారా మన దేశానికి వచ్చింది. నేడు తెలుగు రాష్ట్రాల ఫారాలలో పెంచుతూ కౌజుపిట్ట పేరుతో అమ్ముతున్నది ఇదే. చలికాలంలో ఇక్కడికి వలస వచ్చే అడవి పూరేడుకు ఇది దగ్గరి బంధువు కనుక, జాలితోనైనా దీనిని పొలాలలో విడిచిపెట్టరాదు. పట్టుబడిన అడవికోళ్ళను అడవిలో విడుచుటకు ముందు కూడా అవి ఏ ప్రాంతానివో, సంకరమో కాదో పరీక్షించుట అవసరం. ఒకసారి కలిసిన జన్యువులను తిరిగి వేరుచేయుట సాధ్యం కాదు.