సిక్‌రూమ్ తలుపు దగ్గర

గురుకుల హాస్టల్లో రాత్రి స్టడీ అవర్ మొదలైన కాసేపటికి సిక్‌రూమ్ గుమ్మంలో ఓ పిల్ల నిలబడుతుంది. "సిస్టర్, కడుపునొప్పి." వారంలో మూడోసారి. జ్వరం లేదు, వాంతుల్లేవు. అనుభవమున్న నర్సు వెంటనే మాత్ర తీయదు. "ఇలా కూర్చో నాన్నా, అన్నం తిన్నావా?" అంటుంది. పది నిమిషాలకు అసలు సంగతి బయటికొస్తుంది. లెక్కల పరీక్షలో తప్పింది, ఆదివారం నాన్న ఫోన్ చేయలేదు, డార్మెటరీలో ఎవరూ మాట్లాడటం లేదు. ఈ వయసులో మనసు నొప్పి తరచూ ఒంటి నొప్పి పేరుతోనే నర్సు దగ్గరికొస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 10-19 ఏళ్లవాళ్లు ఏడుగురుంటే అందులో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. అందుకే సైకియాట్రిక్ నర్సింగ్‌లో ఎమ్మెస్సీ చేసేవాళ్లు చాలామంది థీసిస్‌కి బడి పిల్లల్నే ఎంచుకుంటారు. ముందు ఓ ప్రశ్నపత్రం ఇస్తారు. ఒత్తిడి, డిప్రెషన్, సెల్‌ఫోన్ అలవాటు గురించి చార్టులు, ఫ్లాష్ కార్డులు చూపించి ముప్పావు గంట పాఠం చెబుతారు. ఏడో రోజు మళ్లీ అదే ప్రశ్నపత్రం. మార్కులు పెరుగుతాయి, థీసిస్ పూర్తవుతుంది.

ఆ పాఠాన్ని నేను చిన్నచూపు చూడను. దిగులు బద్ధకం కాదు, పొగరు కాదు, వైద్యం ఉన్న జబ్బు అని చాలామంది పిల్లలు మొదటిసారి వినేది తెల్లకోటు వేసుకొచ్చిన ఆ అక్క నోటే. కానీ వారానికి పెరిగిన మార్కులు, మూడు నెలల తర్వాత ఆ పిల్లకి నిద్ర పడుతోందో లేదో చెప్పవు. ఏడో రోజు తర్వాత ఆ అక్క మళ్లీ రాదు.

మనిషి దగ్గరే ఉంటే ఏమవుతుందో బిహార్ చూపించింది. నలంద జిల్లాలోని 74 ప్రభుత్వ హైస్కూళ్లలో జరిగిన 'సెహర్' పరిశోధన ఫలితాలు 2018లో లాన్సెట్‌లో వచ్చాయి. కొన్ని బళ్లలో శిక్షణ ఇచ్చిన కౌన్సెలర్‌ని పెట్టారు. ఆయన డాక్టరూ కాదు, సైకాలజిస్టూ కాదు. అసెంబ్లీలో మాట్లాడటం, గోడపత్రిక, చీటీలు వేసే పెట్టె, కావాలన్న పిల్లలతో విడిగా కూర్చోవడం ఆయన పని. ఇంకొన్ని బళ్లలో అదే పని టీచర్లకు అప్పగించారు. ఎనిమిది నెలలకు కౌన్సెలర్ ఉన్నచోట డిప్రెషన్ లక్షణాలు, పిల్లల మధ్య వేధింపులు తగ్గాయి. టీచర్లు చేసినచోట చెప్పుకోదగ్గ మార్పే లేదు. కారణం నాకు ఇలా తోస్తుంది: మార్కులేసే మనిషి ముందు ఏ పిల్లయినా గుండె విప్పుతుందా?

నర్సు మార్కులేయదు. పైగా పిల్లలు ఇప్పటికే నమ్మకంతో తొక్కుతున్న గడప ఆమెది. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న విద్యార్థిని మృతి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, వందమంది, ఆపైన విద్యార్థులున్న సంస్థలు కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో నియమించుకోవాలంది. మంచి తీర్పు. అయితే అంతమంది కౌన్సెలర్లు మన మండలాలకు ఎప్పటికి వస్తారు? ఈలోగా హాస్టల్లో ఉన్న నర్సుకి శిక్షణ ఇవ్వాలి, వినడానికి వేళ ఇవ్వాలి, తన వల్ల కానప్పుడు పిల్లని పంపడానికి జిల్లా ఆసుపత్రి డాక్టర్ నంబరు చేతిలో ఉండాలి. రాత్రీపగలూ పలికే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరు సిక్‌రూమ్ గోడ మీద పెద్దక్షరాల్లో ఉండాలి.

పరిశోధన కూడా ఆ గదిలోంచే మొదలవ్వాలని నా కోరిక. ఆ పిల్ల వెళ్లాక నర్సు రిజిస్టర్ తీసి రాస్తుంది: పేరు, తరగతి, 'కడుపునొప్పి', ఇచ్చిన మందు. మాట్లాడిన పది నిమిషాలు రాయడానికి అందులో గడి లేదు. ఈ ఏడాది థీసిస్‌కి అంశం వెతుక్కుంటున్న అమ్మాయెవరైనా స్కేలు పెట్టి అక్కడ ఇంకో గీత గీస్తే బాగుండు.