మత్తు సూదికి తోడు ఓ పాట

మా చోడవరం వైపు పెద్దాపరేషనంటే చాలామంది విశాఖ కేజీహెచ్‌కే ఎల్తారు. కత్తి కంటే ముందు మనిషిని కోసేది బయం. సిజేరియన్‌కి నడుముకి సూదేస్తే నొప్పి తెలీదు గానీ మెలకువుంటాది. లోపల కత్తెర్ల చప్పుడే బయపెట్టిందని మా అప్ప ఇప్పటికీ అంటాది. బయమేస్తే గుండె దడ, బీపీ పెరుగుతాయి.

దీనికి చవకైన సాయం పాట. 1914లోనే అమెరికాలో కేన్ అనే సర్జన్ ఆపరేషన్ గదిలో గ్రామఫోను పెట్టించాడు. 2015లో లాన్సెట్ పత్రిక 73 పరిశోధనల్ని, దగ్గరదగ్గర 7 వేల మంది రోగుల లెక్కల్ని కలిపి చూపించింది. పాటలు ఇన్నోళ్లకి ఆపరేషన్ తర్వాత నొప్పి, ఆదుర్దా తగ్గాయి. నొప్పి మందులూ తక్కువే పట్టాయి. పూర్తి మత్తులో ఉన్నోళ్లకీ కొంత మేలు జరిగింది.

ఇలాంటిదే మన దగ్గరా జరిగింది. 2024 సెప్టెంబరులో కాకినాడ సర్కారు ఆసుపత్రిలో ఒకావిడకి మెలకువగా ఉంచే మెదడులో గడ్డ తీశారు. అప్పుడు పాట కాదు, ‘అదుర్స్’ సినిమా చూపించారు. సూత్రం ఒకటే: బుర్ర అటు మళ్లితే బయం ఇటు తగ్గుతాది.

పాట మత్తుకి బదులు కాదు, తోడు మాత్రమే. అందుకే ఇంట్లో ఎవరికైనా ఆపరేషనుంటే ముందురోజే మత్తు డాక్టరుగార్ని అడగండి. మీకు కాదు, ఆళ్లకి నచ్చిన పాటలు ఫోన్‌లో ఎక్కించండి. డాక్టరు మాట ఇనపడేలా సౌండు తగ్గించండి. లోపలికి కుదరదంటే, తీసుకెళ్లే ముందూ, బయటికొచ్చాకా ఇనిపించండి. అడగడానికి సిగ్గెందుకు? పైసా ఖర్చు లేదు కదా!